పడవ నేల చెక్క నేర్పిన పాఠం

 

ఉంగుటూరు సత్సంగంలో చెప్పిన పడవ ముచ్చటని రాసి పెట్టమని చాలామంది అడిగారు. వీడియోలో కొంచెం తొందరగా చెప్పేశాను. ఇక్కడ నిదానంగా చెప్పుకుందాం.

నూజివీడు మామిడి సీమకీ, తెరచాప పడవకీ ఏం సంబంధం అనుకుంటున్నారు కదూ? ఉందండి. ఆ ఊళ్ళో ఒక పెద్దాయన ఉన్నారు. ఒకప్పుడు వడ్రంగం చేశారు, ఇప్పుడు రెండెకరాల మామిడి తోట చూసుకుంటున్నారు. వాళ్ళబ్బాయి అమెరికాలో చీసపీక్ అఖాతం ఒడ్డున ఉంటాడు. నలభై ఏళ్ళ నాటి తెరచాప పడవ ఒకటి చవకగా వస్తే కొన్నాడు. లోపల చిన్న గది, దానికి చెక్క నేల. టేకు మీద సన్నని తెల్ల చారలు. కానీ నేలంతా నల్లబడిపోయింది, పాత వార్నిష్ పొలుసులుగా లేచిపోయింది.

అబ్బాయి పైపైన రుద్ది వార్నిష్ కొట్టాడు. అద్దంలా మెరిసింది. రెండు నెలలకి మళ్ళీ అదే చోట అదే నలుపు. మళ్ళీ రుద్దాడు, మళ్ళీ కొట్టాడు, మళ్ళీ నలుపే. విసుగొచ్చి తండ్రికి ఫోన్ చేశాడు. "నాన్నా, ఏ కంపెనీ వార్నిష్ మంచిది?"

పెద్దాయన ఏమన్నారంటే, "ఒరేయ్, వార్నిష్ సంగతి తర్వాత. ముందు నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయో చూడు."

చూశాడు. పైన డెక్కు మీద కమ్మీ బిగించిన బోల్టు పక్కన సన్నటి సందు. వాన పడ్డప్పుడల్లా ఆ నీళ్ళు గోడ వెనకనుంచి దిగి చెక్క అడుక్కి చేరుతున్నాయి. మచ్చ కనిపించేది నేల మీద, జబ్బు ఉన్నది నెత్తి మీద!

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మనం చేసేదీ ఇదే కదా! కోపం వస్తే నూటెనిమిది సార్లు జపం చేస్తాం. పండక్కి గుడికెళ్ళి బొట్టు పెట్టుకుని వస్తాం. నాలుగు రోజులు మెరుస్తాం. అయిదో రోజు ఆ మనిషి ఎదురుపడగానే అదే నలుపు. జపం తప్పు కాదండి. సందు మూయకుండా పూత పూయడం తప్పు. మామిడి రైతులకి నేను చెప్పక్కర్లేదు. టెంక పురుగు పిందె మీదే గుడ్డు పెడుతుంది, గాయం పూడిపోతుంది, కాయ నున్నగా పెరుగుతుంది. కోస్తే గాని తెలీదు.

సరే, సందు మూశాక ఆ అబ్బాయి ఏం చేశాడో వినండి. ఇది సాధకుడికి సరిగ్గా సరిపోయే క్రమం.

చెక్కలన్నీ ఊడదీసి బయట పెట్టి పూర్తిగా ఆరనిచ్చాడు. తడి చెక్క మీద వేసిన పూత నిలవదు. ఉడుకు మీదున్న మనసుకి చేసిన బోధా అంతే, కాస్త ఆరాలి.

తర్వాత పాత పూత తీశాడు. ఇక్కడ తండ్రి ఒక హెచ్చరిక చేశారు. "జాగర్త, అది నిండు టేకు కాదు. ప్లైవుడ్ మీద అతికించిన పలచటి టేకు పొర. మిల్లీమీటరు కూడా ఉండకపోవచ్చు. మరక పోవాలని కసిగా రుద్దావంటే చెక్కే పోతుంది." నల్ల మరకకి గరుకు కాగితం కాదు, ఆక్సాలిక్ యాసిడ్ నీళ్ళు వాడమన్నారు. చేతులకి తొడుగులేసుకుని పూసి, బాగా కడిగి, మళ్ళీ ఆరబెట్టాలి. మనలో కొందరు ఒక్క తప్పు జరిగితే తమని తాము ఏళ్ళ తరబడి గీరుకుంటూ ఉంటారు. ఇంట్లో పిల్లల్నీ అలాగే గీరతారు. మరక పోవాలిగానీ మనిషి పోకూడదు.

చివరికి వార్నిష్. ఒకేసారి మందంగా కాదు, పలచగా నాలుగైదు పూతలు, ప్రతి పూతకీ మధ్య ఆరనిచ్చి సన్నగా రుద్దడం. దాన్నే గీతలో స్వామి అభ్యాసం అన్నాడు. పైవైపే కాదు, అంచులకీ, ఎవరికీ కనపడని అడుగువైపుకీ పూయాలి. ప్లైవుడ్ చీకడం మొదలయ్యేది అంచుల దగ్గరేనట. ఆఖరి పూత మరీ అద్దంలా ఉండకూడదు, తడి కాలికి జారుతుంది. భక్తి కూడా అంతే. మరీ మెరిస్తే మనమే దాని మీద జారిపడతాం.

పడవ మాట మన పెద్దలకి కొత్త కాదు. గీత రెండో అధ్యాయంలో, ఇంద్రియాల వెంట పోయే మనసు బుద్ధిని నీటి మీద పడవని గాలి లాక్కుపోయినట్టు లాక్కుపోతుందన్నాడు పరమాత్మ. నాలుగో అధ్యాయంలో, ఎంతటి పాపినైనా జ్ఞానమనే పడవ దాటిస్తుందన్నాడు. వాల్మీకంలో గుహుడు రాముడికి నావ తెప్పించాడు. పాదాలు కడిగితేగాని ఎక్కించుకోనన్న పడవవాడి ముచ్చట అధ్యాత్మ రామాయణంలోనూ, తులసీదాసు రామచరితమానసంలోనూ వస్తుంది. రాయి ఆడదైంది, నా చెక్క పడవ ఏమవుతుందో అని వాడి భయం. స్వామి అడుగు పెట్టే చెక్క గురించి వాడికంత పట్టింపు. మరి మన గుండెలో ఆయన అడుగు పెట్టే నేల ఎలా ఉంది?

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. సత్సంగం అయ్యాక ఆ పెద్దాయన నా దగ్గరికొచ్చి కూర్చున్నారు. "నాకూ తమ్ముడికీ గట్టు మీద మామిడి చెట్టు గొడవండి. తొమ్మిదేళ్ళు. అమ్మ ఆబ్దికానికి పక్కపక్కనే కూర్చుంటాం, లేచాక మాట్లాడుకోం. ఆ రోజు మావాడికి నీళ్ళెక్కణ్ణించో చూడమన్నాను గానీ, ఫోన్ పెట్టేశాక నాకే నిద్రపట్టలేదు. గొడవ చెట్టుది కాదండి. అమ్మ మంచాన పడితే ఆరు నెలలు వాడొక్కడే చూశాడు. నేను బెజవాడలో ఉండి డబ్బు పంపి ఊరుకున్నా. ఆ మాట వాడు అన్నాడని నాకు కోపం. నిజం కాబట్టి కోపం."

"మరి వెళ్ళారా?" అన్నాను.

"వెళ్ళానండి. అమ్మని నువ్వే చూశావురా, నేను చూడలేదు అన్నాను. వాడేం మాట్లాడలేదు. లోపలికి రమ్మనలేదు. అరుగు మీద మంచం వాల్చాడు. ఇద్దరం చీకటి పడేదాకా కూర్చున్నాం."

అంతే. కౌగిలింతలేం జరగలేదు. చెట్టు ఎవరిదో తేలలేదు. కానీ సందు మూసుకుంది. ఇక ఆరాలి. పూతలు ఒక్కొక్కటే పడతాయి.

ఈ వారం మీకు ఒకటే సాధన. మీ ఇంట్లో పదే పదే లేచే నల్ల మచ్చ ఏదో చూడండి. దాని మీద ఇంకో పూత వేసే ముందు, ఒక్కరోజు మౌనంగా కూర్చుని, నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయో వెతకండి. దొరికితే ఆ మనిషి ఇంటికి మీరే వెళ్ళండి. వాళ్ళు లోపలికి పిలవకపోయినా సరే, అరుగు మీద కూర్చోండి.

రామచంద్రమూర్తి మీ అందరినీ చల్లగా చూడాలని కోరుకుంటూ, వచ్చే వారం కలుద్దాం. శుభం.