చేతిలో ఉన్న కిరాయి ఎవరిది?

అంబాజీపేట నుంచి కొబ్బరికాయల లోడు దూర రాష్ట్రాలకు వెళ్లేటప్పుడు వ్యాపారికీ లారీ యజమానికీ మధ్య తరచుగా ఒక బ్రోకరు ఉంటాడు. బయలుదేరేటప్పుడు అడ్వాన్సు, సరుకు దిగాక మిగతా కిరాయి అన్నది మామూలు పద్ధతి. తగాదా ఆ మిగతా సొమ్ము దగ్గరే పుడుతుంది. కాయ తగ్గిందని కోత పెడతారు, దింపుడు ఆలస్యమైన రోజులకు హాల్టింగు ఇవ్వరు, వ్యాపారి చెల్లించిన డబ్బు బ్రోకరు దగ్గరే నిలిచిపోతుంది.

రాజు వల్లో దైవం వల్లో కాక పోయిన సరుకుకు మోసేవాడే బాధ్యుడని యాజ్ఞవల్క్య స్మృతి చెప్పింది. దానికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేశాడు. ఆ లెక్కన గోదావరి వరదకు దారి మునిగితే తప్పు డ్రైవరుది కాదు.

మధ్యవర్తి సంగతి ఇంకా లోతైనది. కమీషను పోగా అతని చేతిలో మిగిలింది నిక్షేపం, అంటే నమ్మి దాచిన పరాయి సొమ్ము. డీజిలుకూ టోలుకూ అప్పటికే ఖర్చుపెట్టిన లారీ యజమానికి దాన్ని ఆలస్యం చేయడం కూడా అపహరణే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ఏజెంటు తన యజమాని తరఫున వసూలు చేసిన సొమ్మును అతనికి అప్పజెప్పాలి. 2007 నాటి రోడ్డు సరుకు రవాణా చట్టం బ్రోకరును కూడా రవాణాదారుల నిర్వచనంలోనే చేర్చింది.