పాత కెమెరాను ఉంచుకొనవలెనా?



ఒక వస్తువు చేయవలసిన పని అయిపోయిన తరువాత దానిని ఉంచుకొనుట న్యాయమా, వ్యర్థమా? పైకి ఇది అటక సర్దుకొనేవారి ప్రశ్నలాగా కనబడుతుంది. కాని ఈ సంవత్సరము మా కుటుంబములో ఒక కెమెరా విషయమై ఆలోచించవలసి వచ్చినప్పుడు ఇది చిన్న ప్రశ్న కాదని మాకు తోచింది. ఊరు విడిచి బెంగుళూరు వచ్చి స్థిరపడిన మన కుటుంబములలో ఇటువంటి వస్తువు ఏదో ఒకటి ప్రతి బీరువాలోను ఉంటుంది గనుక, మా ఆలోచనను మీ ముందు పెడుతున్నాము.

ఆ కెమెరా మా అన్నయ్యగారిది. యాషికా మ్యాట్ 124జి అని జపానులో 1970 నుండి 1986 వరకు తయారైన రకము. కనిగిరి ప్రాంతము నుండి వచ్చి ఇక్కడి ఫ్యాక్టరీలో ఉద్యోగములో చేరిన అన్నయ్య, 1979లో మద్రాసులోని ఒక స్టూడియోవారి వద్ద సెకండ్ హ్యాండ్‌లో దానిని కొన్నారు. ముందు వైపు ఒకదానిపై ఒకటి రెండు లెన్సులు ఉంటాయి. పై లెన్సు చూచుటకు, క్రింది లెన్సు ఫోటో తీయుటకు. ఇది కంటికి ఆనించుకొనే కెమెరా కాదు. పొట్ట దగ్గర పట్టుకొని, తల వంచి, పైనున్న గాజుపలకలోనికి చూడాలి. అందులో బొమ్మ కుడి ఎడమలు తారుమారుగా కనబడుతుంది. కెమెరాను ఎటు త్రిప్పితే బొమ్మ దానికి ఎదురు పోతుంది. అలవాటు లేనివారికి చికాకే.

అందులో వేసేది 120 నంబరు రోలు. కొడాక్ కంపెనీ 1901లో మొదలుపెట్టిన సైజు అది, నేటికీ అమ్మకములో ఉన్నది. ఈ కెమెరాలో ఒక రోలుకు 12 ఫోటోలు మాత్రమే వస్తాయి. నెగటివు పెద్దది; మామూలు 35 ఎం.ఎం. నెగటివుతో పోలిస్తే వైశాల్యము మూడున్నర రెట్లు. అన్నయ్య ఎక్కువగా ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ‘ఇందు’ రోళ్ళు వాడేవారు. 1960లో స్థాపించిన ఆ ప్రభుత్వ సంస్థ తరువాత నష్టములలో పడి మూతబడింది.

12 ఫోటోలే గనుక అన్నయ్య తొందరపడి తీసేవారు కాదు. మన పెండ్లిండ్లు, బాప్తిస్మములు, క్రిస్మస్ కూటములు, సమాధి కార్యక్రమములు అన్నీ తీశారు. రోలు ఖర్చు, కడిగించే ఖర్చు తప్ప పైసా పుచ్చుకొనేవారు కాదు. పెట్టె చుట్టూ బంధువులు నిలబడి చివరి ఫోటో తీయించుకొనుట మన ఊళ్ళ అలవాటు. ఈనాటి పిల్లలు ఆ ఫోటోలు చూచి జంకుతారు. కాని ఆ ఒక్క ఫోటో తప్ప నాయనమ్మ ముఖము ఎట్లా ఉండేదో చెప్పే ఆధారము మరొకటి లేని ఇండ్లు మనలో ఉన్నవి. కూలి పనికి వచ్చిన కుటుంబములు స్టూడియో మెట్లు ఎక్కేవి కావు గదా.

ఇంటింటికీ చిన్న కలర్ కెమెరాలు వచ్చిన తరువాత, 1996 ప్రాంతములో అన్నయ్య తీయుట మానుకొన్నారు. 2011లో ప్రభువునందు నిద్రించారు. వదినమ్మ ఇప్పుడు ఇల్లు ఖాళీ చేసి హైదరాబాదులో కూతురు ఫ్లాటుకు వెళ్ళబోతున్నారు. కెమెరాను, దాని తోలు కేసును, నెగటివులున్న మూడు బిస్కట్ డబ్బాలను మా ముందు పెట్టి, “ఏమి చేయాలో మీరే చెప్పండి” అన్నారు.

ఇంటిలో మూడు అభిప్రాయములు వచ్చినవి. వదినమ్మ కొడుకు అమ్మివేద్దామన్నాడు. చిక్కపేట దగ్గర బి.వి.కె. అయ్యంగార్ రోడ్డు వైపు ఆదివారము పరచే పాత సామాను బజారు మీకు తెలిసినదే. అక్కడ ఒకప్పుడు ఇటువంటివి అగ్గువకు పోయేవి. ఇప్పుడు కుర్రవారికి ఫిల్ముపై మోజు పుట్టి ధర పెరిగినది. కూతురు మాత్రము అద్దాల షోకేసులో నాన్న ఫోటో ప్రక్కన పెడతానన్నది. మూడవవాడు ఆమె కొడుకు, ఇక్కడే హాస్టలులో ఉండి ఆర్కిటెక్చరు చదువుతున్నాడు. “నాకివ్వండి తాతయ్యా, నేను తీస్తాను” అన్నాడు.

అమ్ముటలో పాపమేమీ లేదు. వదినమ్మకు మందులకో అద్దెకో డబ్బు అవసరమై ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు, మరునాడే అమ్మియుందుము. మనిషి అవసరము ముందు వస్తువు నిలువదు. అయితే ఆమెకు పెన్షను వస్తున్నది గనుక ఆ సంగతి అంతటితో విడిచిపెడుతున్నాము.

షోకేసు మాట ఎక్కువ ఆలోచించదగినది, ఏలయనగా అది ప్రేమలో నుండి వచ్చిన మాట. మేము ట్రైనింగు పూర్తిచేసి ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న కాలములో, 1987లో ప్రభుత్వము ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అనే పథకము ప్రారంభించింది. ప్రాథమిక పాఠశాలలకు పటములు, గ్లోబులు, సైన్సు పెట్టెలు, ఆట సామానులు వచ్చినవి. మేము చూచిన ఒక పాఠశాలలో అవన్నీ తాళము వేసిన బీరువాలోనే ఉండేవి. పగిలితే స్టాకు రిజిస్టరులో ఎవరు జవాబు చెప్పాలి అని భయము. తనిఖీ రోజున గ్లోబు బయటికి వచ్చి, సాయంత్రము లోపలికి పోయేది. ఆ గ్లోబు పగులలేదు, నిజమే. దానిని చేతితో త్రిప్పిన పిల్లవాడు కూడా ఒక్కడు లేడు. దానిని కాపాడినారందుమా?

కెమెరాకు అంతకంటె చిక్కు కలదు. గ్లోబు బీరువాలో ఉంటే గ్లోబుగానే ఉంటుంది. కెమెరా ఉండదు. త్రిప్పక పోతే షట్టరు లోపలి జిడ్డు గట్టిపడి, సెకను, అర సెకను వంటి నెమ్మది వేగములు మొదట పట్టుకొనిపోతాయి. బెంగుళూరు వానాకాలపు చెమ్మకు లెన్సు మీద సాలెగూడు వంటి బూజు పుడుతుంది. ముదిరితే అది గాజుపై పూతను తినివేస్తుంది, తుడిచినా పోదు. తోలు కేసు అందముగా ఉంటుంది గాని చెమ్మను పట్టి ఉంచేది అదే. అనగా మనము భద్రము చేశామనుకొన్న వస్తువు లోలోపల చచ్చిపోతూ ఉంటుంది.

మరి మనము ఇంత గట్టిగా ఎందుకు పట్టుకొంటాము? ఊరిలో ఇల్లున్నవారికి ఇల్లే జ్ఞాపకము. గడప, నూతిపళ్ళెము, వేపచెట్టు ఉంటాయి. మనము ఒక ట్రంకు పెట్టెతో రైలెక్కి వచ్చినవారము. ఊరిలో ఇల్లు అన్నదమ్ముల పాలైనది, లేక పడిపోయినది. ఇక్కడ అద్దె ఇండ్లు మారి మారి చివరకు రెండు పడకగదుల ఇంటికి చేరినాము. కనుక గడప చేయవలసిన పనిని మన యింట కుట్టు మిషను, రేడియో, కెమెరా చేస్తున్నవి. ఇందులో సిగ్గుపడవలసినది లేదు. కాని వస్తువు మీద అంత బరువు మోపినప్పుడు దానిని వాడుటకు భయము వేస్తుంది, ఇచ్చుటకు అంతకంటె భయము వేస్తుంది.

గ్రంథములో రెండు సంగతులు మాకు జ్ఞాపకమునకు వచ్చినవి. యొర్దాను దాటినప్పుడు యెహోషువ 12 రాళ్ళు నిలువబెట్టించినది పిల్లలు అడుగుటకు, పెద్దలు చెప్పుటకు. మోషే చేసిన ఇత్తడి సర్పమును తరతరములు భద్రముగా ఉంచుకొన్నవారు చివరికి దానికి ధూపము వేయసాగినారు గనుక హిజ్కియా దానిని పగులగొట్టించినాడు. రెండూ దేవుని మాటపై పుట్టినవే. మొదటిదాని చుట్టూ మాట నడచినది. రెండవదాని చుట్టూ పొగ మాత్రము మిగిలినది. షోకేసులోని కెమెరా ఏ వైపు పోవునో చెప్పలేము గాని, మనుమలు ఎవరైనా ముట్టబోతే “ముట్టకు” అనే మాట తప్ప మరొకటి వినరని మా అనుమానము.

ఇంతవరకు అందరమూ కెమెరా గురించే మాట్లాడుకొన్నాము. బిస్కట్ డబ్బాల సంగతి ఎవరూ ఎత్తలేదు! కొడుకు లెక్కలో అవి విలువలేనివి, కూతురు షోకేసులో వాటికి చోటు లేదు. మా దృష్టిలో అసలు ప్రశ్న అక్కడే ఉన్నది.

సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ పేరు మీరు వినియుందురు. ఆరవ నిజాము వద్ద ఆస్థాన ఫోటోగ్రాఫరుగా ఉండి 1905లో మరణించారు. ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగటివులను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమువారు సేకరించారు. ఆనాటి హైదరాబాదు భవనములు, దర్బారులు, మనుష్యులు ఈనాడు మనకు కనబడుతున్నారంటే ఆ పలకలను ఎవరో పారవేయక దాచినందువలననే. మన అన్నయ్య దీన్‌దయాళ్ కాడు, ఆయన తీసినవారు నవాబులు కారు. అయితే నవాబుకు ఫోటోలు అనేకములు ఉంటాయి. కనిగిరి నుండి వచ్చిన కూలి తల్లికి ఉన్నది ఒకటే.

ఆ డబ్బాలు తెరిచినప్పుడు ఒకదానిలో వెనిగర్ వాసన కొట్టింది. ఫిల్ము వేడికి, చెమ్మకు కుళ్ళుట మొదలుపెడితే ఆ వాసన వస్తుందనీ, ఆ ఆవిరి ప్రక్క నెగటివులకు కూడా చెరుపు చేస్తుందనీ, గాలి ఆడని రేకు డబ్బా దానికి మరీ చెడ్డదనీ తెలిసినవారు చెప్పారు. వాటిని విడదీసి కాగితపు కవర్లలోనికి మార్చాము. మనుమడు వెలుతురు పలక మీద ఒక్కొక్కటి పెట్టి ఫోనుతో నకళ్ళు తీస్తున్నాడు.

అయినా నకలు తీసినంతమాత్రాన పని కాదు. పేర్లు ఎవరికి తెలుసు? వదినమ్మకు, మాకు, మీలో కొందరు పెద్దలకు. కెమెరాకు మరమ్మతు చేయించవచ్చు, అటువంటిది మరొకటి కొనవచ్చు. ఈ ముఖములను గుర్తుపట్టగలవారము మాత్రము ఏటేటా తగ్గిపోతున్నాము. పేరులేని నెగటివు ఇంకొక ఇరువది సంవత్సరములకు వట్టి ప్లాస్టిక్ ముక్క.

మరియొక మాట. ఈ బొమ్మలు మా అన్నయ్య తీసినవే గాని మా సొత్తని మేము అనుకొనుట లేదు. దుఃఖములో ఉన్న కుటుంబము ఆయనను నమ్మి పెట్టె ప్రక్కన నిలువనిచ్చింది. ఆ ఫోటోను అడుగకుండా వాట్సాప్ గ్రూపులో వేయుట మా దృష్టిలో ఆ నమ్మకమును తప్పుటే. కనుక సమాధి ఫోటోలు ఆయా కుటుంబములకు చేతికే ఇస్తాము.

ఇక కెమెరా సంగతి. మనుమడికి ఇచ్చాము. మోజు నాలుగు నాళ్ళది, పాడుచేస్తాడు అని ఆక్షేపణ వచ్చింది. కావచ్చును. వాడుతూ పాడైతే అది పనిముట్టుకు తగిన ముగింపే గదా. అయినా ఒక షరతు పెట్టాము: ఒక సంవత్సరములో నాలుగు రోళ్ళయినా తీయాలి, వాటి ఖర్చు తానే పెట్టుకోవాలి, లేనియెడల అడిగిన మరియొకరికి ఇచ్చివేయాలి. నగరములో ఇటువంటివి బాగుచేసే వృద్ధులు కొద్దిమందే మిగిలినారు; ఒకరు విప్పి శుభ్రము చేసి ఇచ్చారు. వెలుతురు కొలిచే మీటరుకు కావలసిన పాదరసపు సెల్లు ఇప్పుడు మార్కెట్టులో లేదు. షట్టరుకు సెల్లుతో పని లేదు గనుక, వెలుతురును ఫోనులో చూచుకొని తీస్తున్నాడు.

వదినమ్మకు ఇది పూర్తిగా ఇష్టము కాలేదని కూడా వ్రాయవలెను. “ఆయన చేయి తగిలిన వస్తువు” అన్నారు. ఆ మాటకు మా వద్ద జవాబు లేదు, వాదించలేదు. తోలు కేసు, దాని పట్టీ ఆమె తనతో తీసుకొని వెళుతున్నారు. ఖాళీ కేసు ఎందుకని కొడుకు అడిగితే, “నాకు తెలుసులే” అన్నారట.

నెగటివులు మొత్తము 212 రోళ్ళకు చెందినవి. ఇప్పటికి 31 రోళ్ళకు పేర్లు వ్రాయగలిగాము. 1984 అని కవరుపై ఉన్న ఒక రోలులో ఒక పెండ్లి ఉన్నది. పెండ్లికుమార్తె చేతిలో తెల్ల చామంతుల గుత్తి, ప్రక్కన ఒక కాలు చిన్నదైన వృద్ధుడు కర్రతో నిలబడియున్నారు, వెనుక గోడ మీద తెలుగులో సగము చెరిగిన వాక్యము. అందులో ఒక్కరినీ మేము గుర్తుపట్టలేకపోతున్నాము. ఆ సంవత్సరము మీ యింట పెండ్లి జరిగియుంటే, ఆదివారము ఆరాధన తరువాత వచ్చి చూడగలరు.