శిఖరదర్శనం, నాలుగు వాకిళ్ళు

శ్రీశైల శిఖరాన్ని కంటితో చూస్తే చాలు, పునర్జన్మ ఉండదన్న నమ్మకం తెలుగునాట ఎంత బలమైనదో, తత్త్వదృష్టితో పరీక్షించినప్పుడు అది తెచ్చిపెట్టే చిక్కు కూడా అంత గట్టిది. జ్ఞానం లేనిదే మోక్షం లేదని అద్వైతం చెబుతుండగా, శిఖరేశ్వరంలో నువ్వులు పోసి, నంది కొమ్ముల నడుమ నుంచి దూరాన ఆలయ శిఖరాన్ని వెతుక్కునే యాత్రికునికి ఒక్క చూపుతో అంతటి ఫలం ఎలా దక్కుతుంది? మీమాంసకులు ఇటువంటి వాక్యాలను అర్థవాదాలంటారు. అంటే ఉన్నదున్నట్టు చెప్పేవి కాక, చేయవలసిన పని మీదికి మనసును మళ్ళించడానికి దాని ఫలాన్ని పొగిడి చెప్పే వాక్యాలన్నమాట. ఈ సమాధానం తర్కానికి సరిపోతుంది గాని, ఆ చేయవలసిన పని ఏదో తేల్చదు.

వనపర్తి వైపు నుంచి చూస్తే అది కొంత తేటపడుతుంది. కొండమీది దైవాన్ని చేరేముందు దర్శించవలసిన వాకిళ్ళుగా శ్రీశైలానికి నాలుగు ద్వారక్షేత్రాలను సంప్రదాయం చెబుతుంది: తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. తుంగభద్ర ఒడ్డున బాదామి చాళుక్యుల నవబ్రహ్మాలయాలున్న అలంపురం నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోను, అచ్చంపేట దగ్గర నల్లమల అంచున బండ చరియ నీడలో వెలసిన ఉమామహేశ్వరం నాగర్‌కర్నూల్ జిల్లాలోను ఉండగా, వనపర్తి ఆ రెండు వాకిళ్ళకు నడుమ మైదానంలో ఉంది. అలంపురం కొండమీది ఊరు కాదు, నదీతీరపు ఊరు. అయినా పర్వతానికి పడమటి గుమ్మం అక్కడే ఉందనడంలో, క్షేత్రం శిఖరం దగ్గర కాక అది కనబడని చోటనే మొదలవుతుందన్న భావన ఉంది. క్షేత్రమంటే పొలమని కూడా అర్థం, భగవద్గీత శరీరాన్నే క్షేత్రమంటుంది. గట్టు దాటి అడుగుపెట్టినవాడే పొలంలోకి వచ్చినట్టు, వాకిలి దాటి నడిచినవానికే ఆ చివరి చూపు దర్శనమవుతుంది.

ధూళిదర్శనమనే ఆచారం దీనికి మంచి సాక్ష్యం. దూరం నుంచి నడిచివచ్చిన భక్తుడు స్నానం కూడా చేయకుండా, కాళ్ళ దుమ్ముతోనే మల్లికార్జునుని దర్శించి లింగాన్ని తాకవచ్చునన్నది దీని సారాంశం. మరెన్నో ఆలయాలలో శుచికి ఉన్న స్థానాన్ని ఇక్కడ దారిదుమ్ముకు ఇవ్వడం చిన్న విషయం కాదు. ఇష్టలింగాన్ని, అంటే దీక్షలో పొందిన లింగాన్ని, ఒంటిమీదనే ధరించే వీరశైవులకు సిద్ధాంతరీత్యా కొండెక్కవలసిన అవసరం అంతగా ఉండదు. అయినా అక్కమహాదేవి ఈ అడవికే వచ్చిందని సంప్రదాయం. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రలో ఒక ప్రకరణానికి పర్వతమనే పేరు పెట్టి, శివరాత్రి యాత్రికులను అందులో విస్తారంగా వర్ణించాడు. ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలో కొండకు మెట్లు కట్టించడం కూడా నడిచేవారి కోసమే. మన్ననూరు మీదుగా బస్సులో కునుకు తీస్తూ వెళ్ళేవారికి శిఖరం కనబడుతుంది, కాదనలేము. అర్థవాదం పొగిడింది మాత్రం ఆ చూపును కాదేమో.

వాకిళ్ళ చుట్టుపక్కల గుళ్ళు సైతం కదలక తప్పలేదు. శ్రీశైలం జలాశయపు ముంపు నుంచి తప్పించడానికి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. కొల్లాపురం దగ్గరి సోమశిల ఆలయాలూ ఒడ్డు మారాయి. ఇలా కదిలించేటప్పుడు ఆగమాలు కళాకర్షణను విధిస్తాయి: విగ్రహంలోని దైవశక్తిని మంత్రపూర్వకంగా కలశజలంలోకి ఆవాహన చేసి, కొత్తచోట తిరిగి ప్రతిష్ఠించే క్రియ ఇది. పవిత్రత మట్టిని అంటిపెట్టుకుని ఉండదని దీనివల్ల ఒప్పుకున్నట్టే అయింది. అయితే గుడి మారినా కొండ మారలేదు గనుక, వాకిలి దేనికి వాకిలో ఆ సంబంధం చెడలేదు.

ఈ వాదమంతా వెలుపలి నుంచి వచ్చేవారికి సంబంధించినది. నల్లమల చెంచులకు మల్లికార్జునుడు చెంచు మల్లయ్య, తమ ఆడపిల్లను పెళ్ళాడిన అల్లుడు. సంక్రాంతికి శ్రీశైలంలో జరిగే కల్యాణానికి వారిని పిలవడం ఆనవాయితీ. ఆ పెళ్ళికి వారు ఏ వాకిలీ దాటి రానక్కరలేదు.