మాట యెవరిది? ప్రాణమెవరిది?

ఇటీవల మేము మేడ్చలులోని యొక మిత్రుని గృహమునకు బోయియుంటిమి. ఆ యింటి పెద్ద, తన మనుమరాలిని బంధువుల కుమారునకిచ్చెదనని, ఆమె చిన్ననాడే మాట యిచ్చియున్నాడు. ఆ బాలిక యిపుడు కళాశాలలో జదువుచున్నది. ఆ సంబంధమామెకు సమ్మతము గాదు. "ప్రాణము పోయినను మాట పోరాదు. ప్రతాపరుద్రుడు శత్రువులకు జిక్కియు ఢిల్లీ గడప త్రొక్కలేదు గదా!" యని యాయన మాతో వాదించెను. ఆ బాలిక తలవంచుకొని లోనికి బోయెను.

ఆ సాయంకాలము శామీరుపేట చెరువుకట్టపై గూర్చుండి యామాటనే విచారించితిమి. అచటనుండి తూర్పుగా నూరుమైళ్ల లోపుననే యోరుగల్లు కలదు. ఆ పెద్దమనిషి ప్రతాపరుద్రుని కథలో తుదిఘట్టము మాత్రమే చెప్పెను. తక్కిన కథ యేమి?

1303లో ఢిల్లీసేన మొదటిసారి యోరుగల్లుపైకి వచ్చి వట్టిచేతులతో మరలిపోయెను. ఆ యేడే తరఘి యను మంగోలు నాయకుడు ఢిల్లీనే ముట్టడించుట విశేషము. మనలను బాధించిన యా రాజ్యమును మంగోలులు బాధించుచుండిరి. 1310లో మాలిక్ కాఫూరు మట్టికోటను బట్టుకొని, రాతికోట కందకము దాక వచ్చెను. అపుడు ప్రతాపరుద్రుడు ఏనుగులను, గుఱ్ఱములను, ధనమును ఇచ్చి సంధి చేసికొనెను. నగరము నిలిచెను. ఇది పిఱికితనమా? కప్పము చెల్లింపక, ఆయన తరువాత మరల మరల ప్రతిఘటించెను. 1323లో నోడి బందీయై ఢిల్లీకి గొనిపోబడుచు నర్మదాతీరమున మరణించెనని విలస తామ్రశాసనము తెలుపుచున్నది. ఆ మరణము స్వేచ్ఛామరణమని 1423 నాటి కలువచేరు శాసనము సూచించుచున్నది.

ప్రజల ప్రాణములు తన చేతిలో నున్నపుడు ఆయన వంగెను. తన ప్రాణమొక్కటియే మిగిలినపుడు వంగలేదు. ఈ భేదమే మనము గ్రహింపవలసినది.

చీనాదేశ చరిత్రయు నీ భేదమునే చూపుచున్నది. మంగోలులను సాంగు రాజ్యమువారు ఏండ్లతరబడి యెదుర్కొనిరి. మూడు నదులు గలియుచోట కొండపై నున్న ద్యావోయూ కోట 1243 మొదలు 1279 వఱకు లొంగలేదు. దానిని ముట్టడించుచునే మోంగ్కే ఖాను 1259లో మరణించెను. తుదకు రాజ్యమంతయు గూలుచుండగా, కోటనాయకుడైన వాంగ్ లీ, జనులను జంపమని మాట తీసికొని తలుపులు తెఱచెను. అదే 1279లో యాయ్‌మెన్ సముద్రయుద్ధమున ఓటమి తప్పదని తెలిసి, మంత్రియైన లూ షియూఫూ తన భార్యాబిడ్డలను ముందుగా సముద్రమునకు ద్రోలి, ఏడేండ్ల బాలచక్రవర్తిని వీపున నెత్తుకొని తానును దూకెను. వెన్ త్యెన్‌షియాంగు అను మఱియొక మంత్రి బందీగా జిక్కెను. కుబ్లాయి ఖాను ఉన్నతపదవి నిచ్చెదనన్నను అంగీకరింపక, కారాగృహమున నేండ్లు గడపి, 1283లో శిరశ్ఛేదమునకు లోనయ్యెను.

వీరిలో వెన్ త్యెన్‌షియాంగునకు మేము సందేహింపక నమస్కరింతుము. ఆయన తన మానమునకు తన ప్రాణమునే వెలగా నిచ్చెను. వాంగ్ లీని ద్రోహియన్నవారు గలరు; కాని యా కోటలోని తల్లులు అట్లనియుందురా? లూ షియూఫూ స్వామిభక్తి నిస్సందేహమైనదే. శత్రువు చేత జిక్కిన బాలునకు గౌరవముతో గూడిన జీవితము దొరకునను నమ్మకమును ఆయనకు లేకపోవచ్చును. అయినను ఆ బాలుని ఎవరైన నడిగిరా? ఆ భార్య నడిగిరా? వారి మరణమును గూడ ఆయన త్యాగములో జేర్చి పొగడుట న్యాయము గాదు. తనది కాని ధనమును దానము చేయువానిని దాతయనము గదా! తనది కాని ప్రాణమును అర్పించువానిని మాత్రము త్యాగియని యేల యనవలెను?

శత్రువునకు లొంగిన, వాడు మరల వచ్చును గదా యని యడుగవచ్చును. నిజమే, ఓరుగల్లునకు మరల వచ్చిరి. కాని బ్రతికియున్న ప్రజలే మరల నిలుచుటకు సమర్థులు. 1336లో కాపయనాయకుడు ఓరుగల్లును విడిపించుటకు నడిపించినవారు, నాడు చావక మిగిలినవారును వారి బిడ్డలును గాక మఱెవరు? ప్రతిఘటనము ధర్మమే. కాని దాని వెలను ఎవరు చెల్లించుచున్నారో విచారింపని ప్రతిఘటనము మొండితనమగును.

రాజుల కథ యటుండనిండు. మన యిండ్లలో ముట్టడులు లేవా? తండ్రి మాట, తాత ప్రతిన, వంశగౌరవము అను కోటలను నిలుపుటకు మనమెవరిని గోడపై నిలుపుచున్నాము? తఱచుగా బిడ్డలనే, స్త్రీలనే. మేడ్చలు పెద్దమనిషికి మేము మరునాడొక యుత్తరము వ్రాసితిమి: "అయ్యా! మాట యిచ్చినది తామే. దానిని నిలుపుటకు తమ ధనమును, తమ సుఖమును, తమ కీర్తిని వెచ్చింపుడు. బంధువుల యెదుట తామే తలవంచి క్షమాపణము వేడుడు. ఆ బాలిక జీవితము మాత్రము తమ కోశములోనిది కాదు."

ప్రత్యుత్తరమింకను రాలేదు. ఆ బాలిక చదువు సాగుచున్నదని మాత్రము వింటిమి.