దారి అడిగిన పండితుడు

శరణాగతికి మన పూర్వాచార్యులు ఐదు అంగములను చెప్పిరి. భగవంతునకు అనుకూలముగా నడచుకొనవలెనను సంకల్పము, ప్రతికూలమైన దానిని విడుచుట, ఆయన తప్పక రక్షించునను మహావిశ్వాసము, రక్షకుడవు కమ్మని వరించుట, కార్పణ్యము అనునవి. మొదటి నాలుగింటిని విద్యార్థులకు బోధించుట అంత కష్టము కాదు. కార్పణ్యమను మాటకు లోకములో పిసినారితనమను అర్థము స్థిరపడియున్నది గనుక, ముందు దానిని తుడిచివేసి, తన చేతిలో ఏ ఉపాయమును లేదను ఎరుకతో గర్వము జారిపోవుటయే కార్పణ్యమని చెప్పవలసియుండును. పుంగనూరులో ముప్పది యేండ్లు సంస్కృతము చెప్పితిని. ఈ పాఠమును ఎన్ని మారులు చెప్పితినో లెక్క లేదు. చెప్పిన మాట నాకే తగిలినది మాత్రము 2023వ సంవత్సరమున, సింగపూరు నగరములో.

మా అమ్మాయి కాపురము అచ్చట. వారు నివసించు పేట పేరు తోవా పాయో. మన తెలుగు చెవికి అది 'తోవ పోయె' అన్నట్లే వినబడును. దిగిన మొదటి దినముననే ఆ పరిహాసము చేసినవాడను నేనే, దాని ఫలము అనుభవించినవాడను నేనే. ఆ పేటయందు ప్రభుత్వము కట్టించిన ఎత్తైన నివాస భవనములు వరుసలు వరుసలుగా ఉన్నవి. ఒకదానిని పోలినదే మరియొకటి. వానిని వేరుచేయునది ప్రక్క గోడమీద పెద్దగా వ్రాసిన సంఖ్య ఒక్కటే.

ఆ నగరములో సెరంగూన్ రోడ్డునందు శ్రీనివాస పెరుమాళ్ కోవెల కలదు. 1855లో వెలసినది. మొదట నరసింహస్వామి పేరుతో ఉండెడిది. అన్నట్లు, తైపూసమునాడు మురుగన్ కావళ్ళ ఊరేగింపు బయలుదేరునది ఈ విష్ణ్వాలయమునుండియే. చూచువారికి వింతయే గాని అచ్చటివారికి కాదు. అల్లునితో కలిసి మూడు దినములు కారులో వెళ్ళి సేవించుకొని వచ్చితిని. నాలుగవనాడు తెల్లవారకముందే ఒంటరిగా నడచి పోయెదనంటిని. "నాన్నగారూ, ఈ చీటీలో మన చిరునామా ఉంది, జేబులో ఉంచుకోండి. సందేహం వస్తే ఎవరికైనా చూపించండి" అని అమ్మాయి చేతిలో పెట్టినది. నా సెల్‌ఫోను అచ్చట పనిచేయదు.

పోవుట బాగుగనే పోయితిని. పెరుమాళ్ళను సేవించుకొని తీర్థము పుచ్చుకొంటిని. తిరిగి వచ్చునప్పుడు ఏ మలుపు తప్పితినో తెలియదు. ఎండ ఎక్కినది. ఎటు చూచినను అవే భవనములు. చిన్ననాట వల్లించిన శ్లోకములు వేలకొలది నేటికిని నోట నున్నవి. మేము దిగిన భవనపు సంఖ్య మాత్రము గుర్తు రాలేదు. ఎన్నవ అంతస్తో గుర్తున్నది, తలుపు రంగు గుర్తున్నది. చీటీ జేబులో ఉన్నది. అయినను రెండు గంటలసేపు దానిని ఎవ్వరికిని చూపలేదు.

భాష రాకపోవుట కారణము కాదు. మూడు రాష్ట్రములు కలియు కుప్పము ప్రాంతమున పుట్టినవాడను. అచ్చట సంతలో ఒక భాషలో అడిగిన ప్రశ్నకు మరియొక భాషలో జవాబు వచ్చును, ఇరువురికిని అర్థమగును. తమిళము నాకు చిన్ననాటినుండి వచ్చును. సింగపూరు అధికార భాషలు నాలుగింటిలో తమిళమొకటి. తమిళులు దారిలో ఎదురైరి కూడ. నన్ను ఆపినది సిగ్గు. పుంగనూరులో మా అరుగుమీద కూర్చుండగా, కన్నడ దేశమునుండి కాలినడకన తిరుమలకు పోవువారు దారి అడిగెడివారు, నేను చెప్పెడివాడను. శాస్త్రములో సందేహము వచ్చినవారును అట్లే వచ్చి అడిగెడివారు. చెప్పుట అలవాటై అడుగుట మరచితిని. ఊర్ధ్వపుండ్రములు ధరించిన పెద్దవాడు నడివీధిలో నిలిచి 'మా ఇల్లెక్కడ' అని అడుగుటయా? పెరుమాళ్ళ సన్నిధిలో ప్రతిదినము నాకు వేరు గతి లేదని విన్నవించుకొను నోటికి, వీధిలో ఆ మాట రాలేదు. ఆ ఉదయము కూడ, గంట క్రిందటనే, విన్నవించుకొని వచ్చితిని.

ఇంతలో వాన పట్టుకొన్నది. ఒక భవనము క్రింద నిలుచుంటిని. చక్రముల సంచిలో కూరగాయలు లాగుకొనుచు ఒక చీనా వృద్ధురాలు వచ్చి, నన్ను పైనుండి క్రిందివరకు చూచి ఏదో అడిగినది. అర్థము కాలేదు. ఆమె చేయి చాచినది. చీటీ తీసి ఆ చేతిలో పెట్టితిని. చదివి నవ్వి, తన గొడుగులో సగము నాకు పట్టి నడిపించినది. మూడవ భవనమే మాది. దాని ముందునుండి నేను రెండు మారులైనను పోయియుందును. లిఫ్టు మీట నొక్కి ఆమె వెడలిపోయినది.

ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయములో దారి తప్పినవాని కథ ఒకటి కలదు. పండ్రెండేండ్లు చదివి, ఇరువది నాలుగవ యేట చదువు గర్వముతో ఇల్లు చేరిన శ్వేతకేతువునకు తండ్రి ఉద్దాలకుడు చెప్పినది. గాంధార దేశపు వాడొకనిని కన్నులకు గంతలు కట్టి తెచ్చి నిర్జన ప్రదేశమున విడిచిరి. అతడు నలుదిక్కుల తిరిగి అరచుచుండగా ఎవరో గంతలు విప్పి, గాంధారము ఈ దిక్కున నున్నదని చూపిరి. అతడు ఊరినుండి ఊరికి అడుగుచు పోయి తన దేశము చేరెను. ఆచార్యుడు గలవాడు తత్త్వమును ఎరుగుట ఇట్టిదని ఉపనిషత్తు తాత్పర్యము. ఎన్నో మారులు పాఠము చెప్పియు నేను ఆగి చూడని విశేషమొకటి ఇందున్నది. ఊరూర దారి అడుగు ఆ మనుష్యునికే ఉపనిషత్తు పండితుడు, మేధావి అను విశేషణములను వేసినది. దారి చూపినవానికి కాదు. ఆ బిరుదు పేరుముందు పెట్టుకొని తిరిగిన నాకు అది కనబడనేలేదు.

ఇప్పుడు నా నివాసము మదనపల్లె. ఈ ఊర 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిగారు, తమను జగద్గురువుగా నిలుపుటకు ఏర్పడిన నక్షత్ర సంఘమును 1929 ఆగస్టు 3వ తేదీన హాలెండు దేశములోని ఓమెన్‌లో తామే రద్దుచేసిరి. సత్యమునకు ఏర్పడిన బాట లేదని, ఏ గురువును ఏ మతమును అచ్చటికి చేర్చజాలవని వారి మతము. ఇక్కడి చదువుకొన్న యువకులు ఆ మాట నా ముందుంచి, "అయితే ఆచార్యుడెందుకు స్వామీ?" అని అడుగుదురు. తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. తన్ను కొలుచుటకు సిద్ధముగా నున్న వేలమందిని కాదనుకొన్నవాని నిజాయితీని శంకింపరాదు. గురువు దొరికినాడుగదా అని నడుచుట మానినవానికి ఆ మందలింపు తగినదే. గాంధారుని గంతలు విప్పినవాడు అతనిని భుజములపై మోయలేదు. ఊరూర నడచినది అతని కాళ్ళే. ఇంతవరకు ఒప్పుకొందును. అయితే నా కన్నులకు గంతలు ఎవ్వరును కట్టలేదు. గోడమీద సంఖ్యలు కనబడుచుండెను, చీటీ జేబులో నుండెను. గంతలున్నవని ఎరుగనివాడు వానిని తానుగా ఎట్లు విప్పుకొనును? ఇంకొకరు చేయి చాచవలసివచ్చినది. ఇచ్చట నేను కృష్ణమూర్తిగారితో ఏకీభవింపలేను.

మన భగవద్రామానుజులకే ఇట్టి సంకటము కలిగినట్లు గురుపరంపర చెప్పుచున్నది. యాదవప్రకాశునితో కాశీయాత్రకు పోవుచుండగా, తన్ను గంగలో ముంచ తలచినారని తమ్ముడు గోవిందునివలన తెలిసి, వింధ్యారణ్యములో ఒంటరియై త్రోవ తెలియక నిలిచిరి. వేటగాడొకడును అతని భార్యయు వచ్చి, తోడు రమ్మనిరి. ఆయన వెంట నడచిరి. నీకేమి తెలియునని వేటగానిని అడుగలేదు. రాత్రి ఆ యిల్లాలు దాహమనగా, తెల్లవారి రామానుజులు బావినుండి నీరు తెచ్చి పోసిరి. మరల నీటికై దిగి వచ్చునంతలో వారు లేరు; ఎదుట కాంచీపుర గోపురములు కనబడెను. వరదరాజస్వామియు పెరుందేవి తాయారుమే ఆ దంపతులని సంప్రదాయము. తరువాత ఆయన ఆ సాలకూపమునుండి ప్రతిదినము స్వామికి తీర్థము మోసిరి. ఆ వృద్ధురాలిని తాయారని నేననను. ఆమెకు ఆమె ఇల్లు, ఆమె కూరగాయలు, ఆమె దైవము ఉండును. కాని రామానుజులు దారి చూపినవారికి నీరు పోయగలిగిరి. నేను కృతజ్ఞత తెలుపు మాట ఒక్కటియు ఆమె భాషలో అనలేకపోయితిని.

"ఆవిడ పేరేమిటి నాన్నగారూ?" అని అమ్మాయి అడిగినది. ఏ భాషలో అడుగుదును? తిరుగు ప్రయాణమునకు ఇంక నాలుగు దినములుండెను. నాలుగు ఉదయములును అరటిపండ్లు తీసికొని అదే వేళకు ఆ భవనము క్రింద నిలుచుంటిని. ఆమె కనబడలేదు. చివరి దినమున ఆ పండ్లను కోవెలలో సమర్పించుటకు ఒంటరిగా నడచి పోయితిని. పోవునప్పుడు ఇద్దరిని, వచ్చునప్పుడు ముగ్గురిని దారి అడిగితిని.