ఇనుమునకు పేరెందుకు?

పట్టణములో నాకొక మిత్రుడున్నాడు. ఆయన తండ్రిగారి కాలమునాటి ఆస్టిన్ కారు ఒకటి ఆ యింట ఇంకను నడచుచున్నది. దాని పేరు రాణి. అది కంపెనీవారు పెట్టిన పేరు కాదు, ఇంటివారు పెట్టుకొన్నది. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ఉదయమున నేను వెళ్లునప్పటికి ఒక పెద్దాయన ఆ కారు ముందు వంగి ఇనుప హ్యాండిలు త్రిప్పుచుండెను. ఇంజను రెండుసార్లు దగ్గి ఊరకుండెను.

నా మిత్రుడు అరుగుమీద నిలిచి, "ఈవేళ రాణి అలిగింది. కాసేపు ఆగండి, అదే వస్తుంది" అనెను.

నేను నవ్వి, "ఇనుముకు కూడా అలకేనా?" అంటిని.

"మాస్టారూ, మీ ఇంట్లో ఆవుకు పేరు లేదా ఏమిటి?"

"ఉంది. ఆవుకు ప్రాణముంది కదండీ."

ఆయన దానికి జవాబు చెప్పలేదు. భుజముమీది తువ్వాలు తీసి, కారు అద్దముమీద పట్టిన మంచును తుడిచెను. ఆయన తుడిచిన తీరు చూచిన తరువాత నాకు మరల నవ్వు రాలేదు.

ప్రియ చదువరులారా, ఆనాడు నేను దానిని కలిగినవారి వినోదమని తలంచితిని. మనుష్యులకే పేరు పెట్టి పిలుచు మర్యాద తక్కువైన ఈ లోకములో ఇనుమునకు పేరు పెట్టుట ఎంత వ్యర్థమని నాలో నేననుకొంటిని. అయితే ఇంటికి వచ్చిన తరువాత కూడ ఆ సంగతి నన్ను విడువలేదు. ప్రాణము లేని వస్తువునకు మనుష్యుడు పేరెందుకు పెట్టును? అది వెఱ్ఱితనమా? లేక దానిలో మనము నేర్చుకొనదగినది ఏమైన ఉన్నదా?

ఈ అలవాటు నా మిత్రుని యింటితో మొదలైనది కాదు. 1907లో ఇంగ్లండులో రోల్స్ రాయిస్ కంపెనీ మేనేజింగ్ డైరెక్టరైన క్లాడ్ జాన్సన్ అను నతడు తమ కార్లలో ఒకదానికి వెండిరంగు వేయించి, తళతళలాడు సామానులు అమర్చి, దానికి సిల్వర్ ఘోస్ట్ అని పేరు పెట్టెను. వెండి దయ్యమని ఆ మాటకు అర్థము. దయ్యమువలె చప్పుడు లేకుండ వచ్చునని ఆ పేరు. దానిని ఆ యేడే సుమారు 15,000 మైళ్లు నడిపి పరీక్షించిరి. ఒక్క కారునకు పెట్టిన ఆ పేరు తరువాత ఆ మాదిరి కార్లన్నిటికిని నిలిచిపోయెను. హైదరాబాదులోని చౌమహల్లా భవనమునకు వెళ్లినవారు పసుపుపచ్చని పెద్దకారు నొకదానిని చూచి యుందురు. 1912 నాటి ఆ నిజాముగారి కారు కూడ ఈ మాదిరిదే. 1953లో ఇంగ్లండులో ఒక పాతకారు పేరే సినిమాకు పేరాయెను. ఆ సినిమా జెనివీవ్, అందులో నడచిన కారు 1904 నాటి డారక్ బండి.

మొదటి యుద్ధము ముగిసిన తరువాత, అనగా 1919 మొదలు 1930 వరకు తయారైనవాటిని సాధారణముగా వింటేజి కార్లని పిలుతురు. అంతకంటె ముందువి ఇంకను పాతవి. వీటికి పేర్లు పెట్టుటకు మొదటి కారణము వాటి పనితనములోనే యున్నది. ఆ దినములలో పెద్దకార్లు అచ్చులో పోసినట్లు ఒక్కతీరుగా వచ్చెడివి కావు. ఇంజనును, చట్రమును ఒక కంపెనీవారు చేసెడివారు. దానిమీది పెట్టెను వేరొక వడ్రంగిశాలలో, కొన్నవాని ఇష్టప్రకారము, కొయ్యతోను రేకుతోను చేతిపనిగా కట్టెడివారు. కాబట్టి ఒకదానివలె మరియొకటి ఉండెడిది కాదు.

నడుపుటలో కూడ దేని స్వభావము దానిదే. హ్యాండిలు త్రిప్పుటకు ముందు స్టీరింగు దగ్గరనున్న చిన్నమీటను వెనుకకు జరిపి, నిప్పురవ్వ కొంచెము ఆలస్యముగా పుట్టునట్లు చేయవలెను. అది మరచినయెడల ఇంజను వెనుకకు తన్నును. ఆ తన్నుకు మణికట్టు విరిగినవారు కలరు. అందుచేతనే హ్యాండిలు పట్టునప్పుడు బొటనవ్రేలిని చుట్టి బిగింపక తక్కిన వ్రేళ్ల ప్రక్కనే ఉంచవలెనని పెద్దలు నేర్పుదురు. చలిలో దానికెంత పెట్రోలు కావలెనో, ఎండలో ఎంతసేపటికి నీళ్లు మరుగునో, ఏ చప్పుడు మామూలుదో, ఏ చప్పుడు ఆపదకు గురుతో, ఇవి పుస్తకములో దొరకవు. దానితో కాపురము చేసి తెలిసికొనవలసినదే.

దీనిని రైతుకు వేరుగా చెప్పనక్కరలేదు. దాపట ఎద్దుకు ఒక గుణము, వలపట ఎద్దుకు ఒక గుణము. ఒకటి బురదలో మొరాయించును, ఒకటి తూము దగ్గర బెదరును. రెండును ఎద్దులే గదా అని ఒకే అదలింపుతో తోలువాని బండి గట్టెక్కదు. అందుకే కర్రిదానికి ఒక పేరు, పుల్లదానికి ఒక పేరు. గుణము తెలిసినచోట పేరు తనంతట తానే పుట్టును.

2010లో ఆడమ్ వేట్జ్, నికొలస్ ఎప్లీ మొదలైన మనస్తత్వ పరిశోధకులు అమెరికాలో ఈ సంగతిని విచారించిరి. ఎవరి కార్లు తరచుగా చెడి తొందరపెట్టుచుండెనో, వారే తమ కారునకు స్వంత మనస్సున్నట్లు ఎక్కువగా తలంచుచున్నారని వారు కనుగొనిరి. ఇది వింతగా తోచవచ్చును గాని నిజము. చెప్పినట్లు పనిచేయు వస్తువును మనము చూడను కూడ చూడము. మొరాయించినదానినే నిలిచి చూతుము. "ఇదేమిటి, దీనికేమి కావలెను?" అని అడుగుదుము. ఆ అడుగుటలోనే అది వస్తువు అను సంగతి కొంత మరచిపోవుదుము.

రెండవ కారణము ఇంతకంటె లోతైనది. పేరు పెట్టినదానిని మనము సుళువుగా విడువలేము. అదే 2010లో మిచిగాను విశ్వవిద్యాలయమునకు చెందిన జెస్సీ చాండ్లర్, నార్బర్ట్ ష్వార్జ్ అనువారు ఈ విషయమై ఒక పరిశోధన ప్రచురించిరి. తమ కారును గూర్చి మనిషిని గూర్చినట్లు ఆలోచించినవారు దానిని మార్చివేయుటకు తక్కువగా ఇష్టపడిరి. అంతేకాదు, అది బాగుగా నడచుచున్నదా లేదా అను లెక్కను కూడ వారు తక్కువగా చూచిరి. ఈ మాటలో మెప్పును ఉన్నది, హెచ్చరికయు ఉన్నది. పేరు మనలను నమ్మకముగా నిలుపును. అదే పేరు మన కన్నులను కప్పను గలదు. బ్రేకులు చెడిన బండిని "మా రాణి నాకెన్నడు కీడు చేయదు" అని ఘాటురోడ్డు ఎక్కించువాడు ప్రేమగలవాడు కాడు, తెలివిలేనివాడు. ప్రేమించినదానిని ఉన్నది ఉన్నట్లు చూడవలెను.

పేరుకు ఎంత బలమున్నదో చెప్పుటకు ఒక నిజమైన సంగతి వ్రాయుదును. లూయీ జ్బొరోవ్‌స్కీ అను ధనవంతుడు విమానపు ఇంజనులను కార్లలో అమర్చి పరుగెత్తించెడివాడు. 1924లో ఆయన ఇటలీ దేశపు పందెములో మరణించెను. ఆయన చేయించిన కార్లలో ఒకదానిని పారీ థామస్ అను వేల్సుదేశపు ఇంజనీరు కొని, దానిని తన చేతులతో బాగుచేసి, బాబ్స్ అని పేరు పెట్టెను. 1926 ఏప్రిల్ నెలలో వేల్సులోని పెండైన్ సముద్రపు ఇసుకమీద ఆ కారు గంటకు 171 మైళ్ల వేగమున పరుగెత్తెను. భూమిమీద అంతకుముందు ఏ బండియు అంత వేగముగా పోలేదు. మరుసటి యేడు ఫిబ్రవరిలో మాల్కమ్ కాంబెల్ అనునతడు అదే ఇసుకమీద ఆ వేగమును మించెను. 1927 మార్చి 3వ తేదీన థామస్ తన బాబ్స్‌తో మరల వచ్చెను. కారు దొర్లిపడెను. ఆయన అక్కడనే ప్రాణము విడిచెను.

ఆయనను సర్రే ప్రాంతమందలి బైఫ్లీట్ ఊరి సమాధుల తోటలో పాతిపెట్టిరి. బాబ్స్‌ను ఎవరును పాత ఇనుమువానికి అమ్మలేదు. పెండైన్ ఇసుకతిన్నెలలోనే గొయ్యి త్రవ్వి పూడ్చిరి. ఆలోచించి చూడుడి! విరిగిన యంత్రమును మూలను పారవేయుదురు, కరగించుదురు. పూడ్చుట మనుష్యునికి చేయు మర్యాద.

నలువది రెండేండ్లు గడచెను. 1969లో ఓవెన్ విన్ ఓవెన్ అను ఇంజనీరింగు అధ్యాపకుడు అనుమతి పొంది ఆ ఇసుకను త్రవ్వించెను. తుప్పుపట్టి, సొట్టలు పడి, గుర్తింపరాని ఇనుము బయటపడెను. ఆయన దానిని తన యింటికి తీసికొనిపోయి, అనేక సంవత్సరములు పాటుపడి, మరల నడచునట్లు చేసెను. గొలుసు తెగుటచేతనే థామస్ చనిపోయెనని లోకులు బహుకాలము చెప్పుకొనిరి. కారు బయటికి వచ్చి పరీక్షింపబడిన తరువాత, వెనుకచక్రము చెడుటయే కారణమై యుండునను అభిప్రాయము కలిగెను. పేరులేని ఇనుపకుప్ప కొరకు ఎవడైన నలువది రెండేండ్ల తరువాత ఇసుక త్రవ్వునా? పిలుచుటకు పేరుండెను గనుక వెదకుటకు మనిషి వచ్చెను. వెదకెను గనుక చనిపోయినవాని చివరి గడియను గూర్చిన సత్యము కొంత తేటపడెను.

అయితే మీలో కొందరు అడుగవచ్చును: "వస్తువునకు పేరు పెట్టి మనిషిని చేయుట తప్పు కాదా?" వస్తువును మనిషి చేయగలిగినయెడల తప్పే. కాని పేరు పెట్టుటవలన కారులో ఏ మార్పును కలుగదు. బాబ్స్ తన పేరు వినలేదు. తన్ను పెంచినవాడు చనిపోయిన దినమున దుఃఖపడలేదు. మార్పు కలుగునది పేరు పెట్టినవానియందే. వాడు చూచుట నేర్చుకొనును, వినుట నేర్చుకొనును, కాచుకొనుట నేర్చుకొనును. ఆదాము జంతువులకు పేర్లు పెట్టిన సంగతి మనకందరికి తెలిసినదే. ఒక్కొక్కదానిని ఎదుట నిలుపుకొని చూడనిదే ఒక్కొక్క పేరు ఎట్లు దొరకును? కనుక పేరు పెట్టుట తప్పా ఒప్పా అను ప్రశ్న కంటె ముఖ్యమైన ప్రశ్న ఒకటున్నది. ఇనుము దగ్గర నేర్చుకొన్న ఆ శ్రద్ధ ఇనుము దగ్గరనే ఆగిపోవుచున్నదా? ఆగిపోయిన పక్షమున అది వట్టి గర్వము. మనుష్యులవరకు వచ్చిన పక్షమున అది మంచి బడి.

ఇక నా సంగతి చెప్పి ముగింతును. ఆ మిత్రుని యింటికి నేను తరువాత కూడ చాలసార్లు వెళ్లితిని. ఒకమారు నా మనుమని వెంట తీసికొనిపోతిని. రాణి ఆనాడు అలగలేదు. పెద్దాయన హ్యాండిలు ఒక్కసారి త్రిప్పగానే ఇంజను పలికెను. వాడు చప్పట్లు కొట్టెను. తిరిగి వచ్చునప్పుడు బస్సులో వాడు నన్నడిగెను:

"తాతయ్యా, కారు పేరు రాణి కదా. మరి ఆ హ్యాండిల్ తిప్పే తాత పేరేంటి?"

నాకు తెలియలేదు. ఎన్ని సంవత్సరములుగా ఆయన నాకు మంచినీళ్లు తెచ్చియిచ్చెను! వర్షములో గొడుగు పట్టి బస్సువరకు దిగబెట్టెను. ఆయన కుడిచేతి మణికట్టు వంకరగా నుండుట కూడ నేను చూచితిని. అది ఆ హ్యాండిలు తన్నినదే అయి యుండునని నాకెన్నడును తోచలేదు, నేనెన్నడును అడుగలేదు. ఇనుమునకు పేరు పెట్టుట వ్యర్థమని, మనుష్యులకు మర్యాద తక్కువైనదని లోకమును తప్పుపట్టినవాడను నేనే.

మరుసటి వారము పనిగట్టుకొని వెళ్లితిని. నా మిత్రుని చాటుగా అడిగితిని. ఆయన ఆశ్చర్యపడి, "అదేమిటి మాస్టారూ! మీ ఎదుట రోజూ పేరు పెట్టే పిలుస్తున్నాను కదా?" అనెను.

అది నిజము. ఆయన ప్రతిదినము పిలుచుచునే యుండెను. కారు అలకను గూర్చి చెప్పిన మాట నా చెవిలో పడి నిలిచెను గాని, మనిషి పేరు నిలువలేదు. నేను వెఱ్ఱివాడనుకొన్న నా మిత్రుడు బండి పేరును ఎరుగును, బండి లేపువాని పేరును ఎరుగును. ఆ మణికట్టునకు పట్టణములో ఎముకల డాక్టరు దగ్గర కట్టు కట్టించినది కూడ ఆయనేనని తరువాత తెలిసినది.

ఆ దినమున నేను పెరటివైపు వెళ్లి ఆ పెద్దాయనను పేరు పెట్టి, గారు చేర్చి పిలిచితిని. ఆయన చేతిలోని గుడ్డ క్రింద పెట్టి, ఎవరో వెనుకనుండి పిలిచినట్లు ఒకసారి అటును ఇటును చూచి, తరువాత నావైపు తిరిగెను. ఆ చూపు నేను మరువలేదు. అచ్చులో వేయుటకు ఆయన నాకు సెలవియ్యలేదు గనుక ఆ పేరు ఇక్కడ వ్రాయను.

ప్రియులారా, మీ పొలములో నాట్లు వేయువారు, మీ యింటికి పాలు తెచ్చువారు, మీ వీధిని ఊడ్చువారు ఉన్నారు. మీ కర్రావు పేరు మీకు తెలియును. వారి పేర్లు ఎన్ని తెలియును? నాకు తెలియనివి ఇంకను చాలయున్నవి. ఒక్కొక్కటిగా అడిగి తెలిసికొనుచున్నాను.