రొట్టెలు కాల్చువారి వీధి

మూలవాక్యము: యిర్మీయా 37:21



కల్దీయుల వలన యెరూషలేము అపాయములో ఉన్న దినములలో యిర్మీయా ప్రవక్త బందీగృహశాలలో ఉండెను. రాజు సెలవు ప్రకారము దినమునకు ఒక రొట్టె అతనికి అందెను. ఆ రొట్టె ఎక్కడనుండి వచ్చెను? రొట్టెలు కాల్చువారి వీధినుండి. కాల్చినవారి పేళ్లు మనకు తెలియవు గాని, వారి వీధిని పరిశుద్ధ గ్రంథము మరువలేదు. బజారు వీధి కూడ దేవుని సేవలో వాడబడునని ఇందువలన నేర్చుకొనుచున్నాము.

చెన్నైలో స్థిరపడిన మనలో అనేకులము నెల్లూరు, కావలి, ఒంగోలు ప్రాంతములనుండి వచ్చినవారి పిల్లలము, మనుమలము. ఒకప్పుడు మద్రాసు–కలకత్తా ట్రంకు రోడ్డు ఊళ్ల నడుమనుండి పోయెడిది. బస్సు ఆగిన చోట టీ కొట్టు, పండ్ల బండి, కిరాణా అంగడి బ్రదికెను. 2000 తరువాత స్వర్ణ చతుర్భుజి పనులలో నాలుగు వరుసల రహదారి వేసి, ఊళ్ల వెలుపలనుండి బైపాసులు తీసిరి. చిన్న ఊళ్లలో దారిన పోవువారి బేరము తగ్గినది. మిగిలిన బేరమును పెద్ద దుకాణములు, ఫోనులో తెప్పించుకొను సరకులు లాగుకొనుచున్నవి. సెలవులకు వెళ్లి, మూసిన తలుపులు చూచి నిట్టూర్చుచున్నాము.

దారి మారినప్పుడు బజారు మారుట క్రొత్త సంగతి కాదు. 1876-78 కరవులో క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడు మైళ్లకు పైగా త్రవ్వించు పని ఒప్పుకొని, ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించెను. ఆ కాలువలో సరకుల పడవలు నడచెను. రైళ్లు, లారీలు పెరిగిన పిమ్మట అవియు ఆగిపోయెను. ఈ నగరములోనే కొత్వాల్‌చావడి కూరగాయల టోకు బజారు 1996లో కోయంబేడుకు తరలెను.

ప్రియులారా, మనము నిజము చెప్పుకొనవలెను. ఆ పాత వీధి పరలోకము కాదు. మన పెద్దలను అరుగు ఎక్కనివ్వక, దూరమున నిలువబెట్టి సరకు ఇచ్చిన అంగళ్లును ఉండెను. నేడు మన పిల్లలు ఏ దుకాణములోనికైనను తలయెత్తి నడచి, వస్తువును చేతపట్టి చూచుచున్నారు. ఇందుకు దేవునికి స్తోత్రము. కాబట్టి పోయినదంతటికి ఏడువక, పోయిన మేలేదో ఎరుగుదము.

ఎవరి ఇంట పొయ్యి వెలుగలేదో మంచి కొట్టువానికి తెలిసెడిది. ఖాతాలో వ్రాసుకొని బియ్యము కొలిచి పంపెడివాడు. కంప్యూటరు బిల్లులో లెక్క తప్పదు గాని, పూట గడవని విధవరాలిని అది ఎరుగదు. మరి ఆమెను ఎవరు ఎరుగుదురు?

మొదటిది, మన అప్పులు తీర్చుదము. పెద్ద దుకాణములో రొక్కము చెల్లించి, వీధి చివరి కొట్టువానికి నెలల తరబడి బాకీ పెట్టుట న్యాయమా? రోమా 13:8 చదువుకొందము.

రెండవది, బేరములో కనికరము చూపుదము. ధర అంటించిన వస్తువును మారుమాటాడక కొనువారము, ఆకుకూరల గంప మోయు అవ్వతో రెండు రూపాయలకు వాదించనేల? క్రిస్మసుకు ఊరికి పోవునప్పుడు బట్టలన్నియు టి. నగరులోనే మూట కట్టుకొనక, కొన్నియైనను ఊరి బజారులో కొందము.

మూడవది, కొట్టువాడు ఎరిగిన దానిని ఇకమీదట సంఘము ఎరుగవలెను. పని పోయిన సహోదరుడెవరు? కొట్టు మూసుకొని పిల్లల యొద్దకు చెన్నై వచ్చి, మాటలాడువారు లేక కూర్చున్న ముసలి దంపతులెవరు? పరిచారకులు, స్త్రీల సమాజమువారు ఇంటింటికి వెళ్లి తెలిసికొనవలెను. క్లౌ దొరగారు అన్నము కొరకు ఎవరును సంఘములో చేరకుండునట్లు కరవు కాలమున బాప్తిస్మములను నిలిపివేసెను, పనిని మాత్రము నిలుపలేదు. తరువాత 1878 జూలై 3న 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మన సహాయమును అట్లే ఉండవలెను. ఎవరు మన సంఘమువారని అడుగక ఇయ్యవలెను.

యెరూషలేములో రొట్టెలు అయిపోవువరకు ఆ వీధి ప్రవక్తను పోషించెను. మన చేతిలో రొట్టె ఉన్నంతవరకు మన సంఘము అట్టి వీధిగా ఉండునట్లు ప్రభువు కృప చూపును గాక. ఆమేన్.